డైనోసార్ డాక్యుమెంటరీల్లో ఏది చూడాలి? 1999 నుంచి 2025 దాకా ఒక పోలిక

‘వాకింగ్ విత్ డైనోసార్స్’ అని వెతికితే మూడు వేర్వేరు సరుకులు వస్తాయి. ఒకటి 1999లో బీబీసీ తీసిన ఆరు ఎపిసోడ్ల సిరీస్. రెండోది 2013లో థియేటర్లకొచ్చిన సినిమా. అందులో డైనోసార్లు మనుషుల్లా మాట్లాడుకుంటాయి, జోకులేసుకుంటాయి. మూడోది 2025లో బీబీసీయే అదే పేరుతో మళ్లీ తీసిన కొత్త సిరీస్. పోస్టర్లు చూసి తేడా పట్టుకోవడం కష్టం, సంవత్సరం చూసుకోవాల్సిందే. వీటికి తోడు ఆపిల్ టీవీలో ఒకటి, నెట్‌ఫ్లిక్స్‌లో ఒకటి, మధ్యలో 2011 నాటిది ఇంకొకటి. పక్కన పిల్లలు ‘పెట్టు, పెట్టు’ అని తొందరపెడుతుంటే ఏది నొక్కాలో తేలదు.

నేను పోల్చేవన్నీ ఒకే కోవవి. శాస్త్రవేత్తలు కుర్చీలో కూర్చుని మాట్లాడే రకం కాదు. కోట్ల ఏళ్ల కింద చచ్చిపోయిన జంతువులు ఇవాళ బతికున్నట్టు, కెమెరా వాటి వెంట తిరిగినట్టు గ్రాఫిక్స్‌తో తీసినవి. 2013 సినిమాని పక్కన పెట్టేస్తున్నాను. అది డాక్యుమెంటరీ కాదు.

## ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు నేను చూసేది ఒక్కటే: ఎముక ఎక్కడ ఆగిపోయింది, ఊహ ఎక్కడ మొదలైంది అన్నది ఆ కార్యక్రమం మనకు చెబుతుందా లేదా? ఎందుకంటే ఊహ లేకుండా ఈ రకం డాక్యుమెంటరీ తీయడం అసాధ్యం. శిలాజంలో ఎముకలుంటాయి, పళ్లుంటాయి, అదృష్టం బాగుంటే చర్మం ముద్రలు, ఈకల గుర్తులు ఉంటాయి. అరుపు ఉండదు. పిల్లల్ని ఎలా పెంచిందో ఉండదు. జత కట్టే ముందు ఏం వేషాలు వేసిందో ఉండదు. తెర మీద మాత్రం ఇవన్నీ చూపించాలి. ఊహించడం తప్పు కాదు. ఊహను నిజంతో కలిపేసి, ఏది ఏదో తెలియకుండా చేయడమే ఇబ్బంది.

తర్వాత తీసిన సంవత్సరం. ఇందులో పాతబడటం అంటే గ్రాఫిక్స్ పాతబడటం మాత్రమే కాదు, జంతువే మారిపోతుంది. స్పైనోసారస్‌ని చూడండి. దాని మొదటి ఎముకలు 1912లో ఈజిప్టులో దొరికాయి. మ్యూనిక్ మ్యూజియంలో ఉండగా 1944లో బాంబు దాడిలో బూడిదయ్యాయి. దాంతో చాలాకాలం దాన్ని వీపు మీద తెరచాప ఉన్న, రెండు కాళ్ల మీద నిలబడే వేటజంతువుగా గీస్తూ వచ్చారు. మొరాకోలో దొరికిన కొత్త ఎముకల ఆధారంగా 2014లో దాని వెనక కాళ్లు పొట్టివని తేల్చారు. 2020లో తెడ్డులాంటి వెడల్పాటి తోక బయటపడింది. 2011 డాక్యుమెంటరీలో ఉన్న స్పైనోసారస్, 2025 డాక్యుమెంటరీలో ఉన్న స్పైనోసారస్ పక్కపక్కన పెడితే ఒకే జంతువని చెప్పలేం.

మూడోది కథ. కొన్ని సిరీసుల్లో ఒక జంతువు వెంట మొదటి నుంచి చివరి దాకా నడుస్తాం. మరికొన్నిట్లో ఐదారు నిమిషాలకో జంతువు వచ్చిపోతుంది. చిన్నపిల్లలకు రెండోది నయం. ఒక పాత్ర మీద మనసు పెట్టుకునేవాళ్లకు మొదటిది.

నాలుగోది చావులు. వేట ఉంటే చావు ఉంటుంది, దాన్ని తప్పించలేం. కానీ వేటలో చావడం వేరు, అరగంట సేపు మనం వెంట నడిచిన తల్లి కళ్లముందు చావడం వేరు. ఐదారేళ్ల పిల్లలున్న ఇంట్లో ఈ తేడా ముందే తెలిసి ఉండాలి.

భాష సంగతి కూడా ఒక మాట. ఇవన్నీ మూలంలో ఇంగ్లీషువి. యాప్‌లో ఏ భాషల ఆడియో ఇస్తారన్నది మారుతూ ఉంటుంది కాబట్టి డబ్బు కట్టేముందు ఆడియో మెనూ చూసుకోండి. తెలుగు లేకపోయినా పిల్లలు ఆగిపోరు, మధ్యమధ్యలో ఆపి మీరే చెప్పొచ్చు. అలా చెప్పడానికి ఏది వీలుగా ఉంటుందో కింద రాశాను.

## ఒక చూపులో

| కార్యక్రమం | సంవత్సరం | నిడివి | వ్యాఖ్యానం | ఆధారాలు చూపిస్తుందా | ఎవరికి |
|---|---|---|---|---|---|
| వాకింగ్ విత్ డైనోసార్స్ (పాతది) | 1999 | 6 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట | కెన్నెత్ బ్రానా | లేదు | కథ కావాలనుకునేవాళ్లకు |
| ది బాలడ్ ఆఫ్ బిగ్ ఆల్ | 2000 | అరగంట | కెన్నెత్ బ్రానా | కథంతా ఒక అస్థిపంజరం మీదే | ఒక్క సాయంత్రమే ఉన్నవాళ్లకు |
| ప్లానెట్ డైనోసార్ | 2011 | 6 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట | జాన్ హర్ట్ | అడుగడుగునా | ‘ఎలా తెలుసు?’ అని అడిగే పిల్లలకు |
| ప్రీహిస్టారిక్ ప్లానెట్ | 2022, 2023 | సీజన్‌కి 5, ఒక్కోటి సుమారు 40 నిమిషాలు | డేవిడ్ ఆటెన్‌బరో | విడిగా | ఇంటిల్లిపాదికీ |
| డైనోసార్స్: ది ఫైనల్ డే | 2022 | గంటన్నర | డేవిడ్ ఆటెన్‌బరో | అదే అసలు విషయం | పెద్దవాళ్లకు |
| లైఫ్ ఆన్ అవర్ ప్లానెట్ | 2023 | 8 ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావు గంట పైన | మోర్గన్ ఫ్రీమన్ | తక్కువ | జీవ పరిణామం మొత్తం కావాలంటే |
| వాకింగ్ విత్ డైనోసార్స్ (కొత్తది) | 2025 | 6 ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావు గంట పైన | బెర్టీ కార్వెల్ | తవ్వకాలతో సహా | హైస్కూలు పిల్లలకు |

## 1999 నాటి వాకింగ్ విత్ డైనోసార్స్

అన్నిటికీ ఇదే మూలం. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ చూశాక, సినిమాలో సాధ్యమైనది ప్రకృతి డాక్యుమెంటరీలో ఎందుకు సాధ్యం కాదని బీబీసీలో టిమ్ హైన్స్‌కి ఆలోచన వచ్చింది. ఖర్చు 61 లక్షల పౌండ్లు దాటింది. నిమిషానికి అయిన ఖర్చు లెక్కన అత్యంత ఖరీదైన డాక్యుమెంటరీ అని గిన్నిస్‌లోకి ఎక్కింది. బ్రిటన్‌లో మొదటి ఎపిసోడ్‌నే సుమారు కోటిన్నర మంది చూశారు.

తీసిన పద్ధతి ముచ్చటగా ఉంటుంది. నేపథ్యమంతా నిజమైన అడవులు, నిజమైన తీరాలు: చిలీ, న్యూ కాలెడోనియా, టాస్మేనియా, న్యూజిలాండ్, కాలిఫోర్నియా. జంతువుల్లేని ఖాళీ అడవిని ముందు చిత్రీకరించి, తర్వాత ఫ్రేమ్‌స్టోర్ సంస్థ కంప్యూటర్‌లో డైనోసార్లను అందులో నిలబెట్టింది. దగ్గర షాట్లకు మరబొమ్మ తలలు వాడారు. లొకేషన్లు వెతకడంలో పెద్ద తలనొప్పి గడ్డి. డైనోసార్ల కాలంలో గడ్డి లేదని అప్పటి నమ్మకం కాబట్టి గడ్డి కనిపించని నేల కోసం ప్రపంచమంతా తిరిగారు. తీరా 2005లో మహారాష్ట్రలోని పిస్‌దూరాలో దొరికిన రాయిగా మారిన పేడలో గడ్డి ఆనవాళ్లు బయటపడ్డాయి. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ చివర్లో మన దేశపు డైనోసార్లు గడ్డి మేశాయన్నమాట.

ఒక్కో ఎపిసోడ్ ఒక్కో కాలానికి వెళ్తుంది. మొదటిది 22 కోట్ల ఏళ్ల కిందటి ఆరిజోనా, చివరిది ఉల్కాపాతం ముంగిట మోంటానా. మధ్యలో ధ్రువప్రాంతపు చీకటి శీతాకాలంలో బతికే లెయలినసారాలనే చిన్న శాకాహార డైనోసార్ల ఎపిసోడ్ ఉంది. పెద్దగా పేరుకెక్కలేదు గానీ ఆరింట్లో నాకు నచ్చింది అదే. డైనోసార్ అనగానే ఎండ, బురద, అడవి అనుకునేవాళ్లకి అది కొత్త లోకం.

దీని బలం కథ. సౌండ్ తీసేసినా అర్థమవుతుంది. ఇంగ్లీషు రాని పిల్లలకి తెలుగులో చెప్పుకుంటూ చూపించడానికి ఇంత వీలైనది ఇంకోటి లేదు: డిప్లోడోకస్ గుడ్లు పెట్టింది, పిల్లలు బయటికొచ్చాయి, అడవిలో దాక్కున్నాయి, పెద్దవై మందలో కలిశాయి. అంతే కథ.

బలహీనత కూడా అక్కడే. వ్యాఖ్యాత దేన్నీ ‘బహుశా’ అనడు. అంతా కళ్లతో చూసినట్టే చెబుతాడు. సముద్రపు ఎపిసోడ్‌లో లయోప్లూరోడాన్ అనే సముద్ర సరీసృపం పొడవు 25 మీటర్లంటాడు; ఇవాళ్టి అంచనా ఏడు మీటర్ల దరిదాపుల్లో ఉంది. మొదటి ఎపిసోడ్‌లో పోస్టోసుకస్ అనే వేటజంతువు హద్దు గుర్తు పెట్టడానికి ధారగా మూత్రం పోస్తుంది. దాని చుట్టాలైన మొసళ్లు గానీ, చాలావరకు పక్షులు గానీ అలా పోయవు. సీలోఫైసిస్‌లు తమ పిల్లల్నే తింటాయని చూపించారు. దానికి ఆధారమనుకున్న శిలాజాన్ని 2006లో మళ్లీ పరిశీలిస్తే కడుపులో ఉన్నది డైనోసార్ పిల్ల కాదు, మొసలి జాతి చిన్న జంతువు అని తేలింది. యూటారాప్టర్‌కి ఒంటి మీద ఒక్క ఈక కూడా లేదు. ఈ చివరి రెండు తప్పుల్ని 1999 వాళ్ల మీద వేయలేం, అప్పటికి తెలిసింది అంతే. కానీ 25 మీటర్లు మాత్రం అప్పటికీ సాగదీతే.

చిన్నపిల్లలుంటే జాగ్రత్త. మొదటి ఎపిసోడ్‌లో క్షీరదాలకు చుట్టమైన సైనోడాంట్ అనే చిన్న జంతువుల జంట తమ పిల్లల్నే తినేస్తుంది. చివరి ఎపిసోడ్‌లో తల్లి టీ-రెక్స్ దెబ్బ తిని చనిపోతుంది, కూనలు ఒంటరివవుతాయి, తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు. ఆరేళ్ల లోపు వాళ్లకి రెండో ఎపిసోడ్‌తో మొదలుపెట్టి, చివరిది ఇంకో రెండేళ్లు వాయిదా వేయమంటాను.

### ఇదే కుటుంబంలో బిగ్ ఆల్

ఆరు ఎపిసోడ్లకు తీరిక లేకపోతే ‘ది బాలడ్ ఆఫ్ బిగ్ ఆల్’ ఒక్కటి చూడండి. 1991లో అమెరికాలోని వయోమింగ్‌లో దాదాపు 95 శాతం పూర్తిగా ఉన్న అల్లోసారస్ అస్థిపంజరం దొరికింది. అందులో 19 ఎముకలు విరిగినవో, చీము పట్టినవో. ఆ గాయాల్నే ఒకదాని వెంట ఒకటి పేర్చి ఆ జంతువు జీవితకథ అల్లారు. పక్కటెముక ఎందుకు విరిగింది, కాలి వేలు ఎందుకు వాచింది, ఎలా చచ్చిపోయింది. ఊహ ఇందులోనూ ఉంది, కానీ ప్రతి ఊహ వెనక వేలుపెట్టి చూపించగల ఎముక ఉంది. ఈ జాబితాలో ఎముకకీ కథకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

## ప్లానెట్ డైనోసార్

2011 నాటికి చైనా నుంచి ఈకల డైనోసార్లు వరసగా వచ్చిపడ్డాయి. వాటిని చూపించడానికే తీసినట్టుంటుంది ఇది. పూర్తిగా కంప్యూటర్ బొమ్మలే, నేపథ్యంతో సహా. గ్రాఫిక్స్ పరంగా అన్నిట్లోకీ బలహీనమైనది ఇదే, పాత వీడియో గేమ్ చూస్తున్నట్టు ఉంటుంది. ఆ ఒక్కదానికీ దీన్ని దాటేస్తే నష్టపోతారు.

ఇది చేసేది వేరే పని. వేట నడుస్తుండగా హఠాత్తుగా ఆపి, ‘ఇది మాకెలా తెలిసిందంటే’ అని శిలాజాన్ని తెర మీదికి తెస్తుంది. మజుంగసారస్ తన జాతినే తినేదని చెప్పి ఊరుకోదు. ఎముకల మీద పంటిగాట్లు, ఆ గాట్ల మధ్య దూరం, అది మజుంగసారస్ పళ్ల వరసతో సరిపోవడం, అన్నీ చూపిస్తుంది. స్పైనోసారస్ చుట్టాలు ఎగిరే సరీసృపాల్ని తినేవంటే, వెన్నుపూసలో దిగబడిన పన్ను ఇదిగో అంటుంది. ‘ఎలా తెలుసు నాన్నా?’ అని పదో నిమిషంలోనే మొదలుపెట్టే పిల్లలకి ఇది పండగ.

సంవత్సరం మాత్రం మర్చిపోకూడదు. స్పైనోసారస్ పాత రూపంలోనే ఉంటుంది. ‘ప్రెడేటర్ ఎక్స్’ అనే సముద్రజీవిని 15 మీటర్ల రాక్షసి అన్నారు. 2012లో శాస్త్రీయంగా పేరు పెట్టేటప్పటికి అది 10 నుంచి 13 మీటర్లకు తగ్గింది. చూశాక పిల్లల చేత ఈ రెండు జంతువుల తాజా రూపం వెతికించండి. అదో మంచి సెలవురోజు పని.

## ప్రీహిస్టారిక్ ప్లానెట్

డబ్బు కట్టి ఒక్కటే చూడగలరంటే నేను చెప్పేది దీన్ని. ఆపిల్ టీవీలో 2022 మేలో మొదటి సీజన్, 2023 మేలో రెండోది వచ్చాయి. తీసింది బీబీసీ ప్రకృతి విభాగం వాళ్లే, వ్యాఖ్యానం ఆటెన్‌బరో, సంగీతంలో హాన్స్ జిమ్మర్ చెయ్యి ఉంది. కాలాలు మారుస్తూ తిరగకుండా క్రెటేషియస్ చివరి ఘట్టానికే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందికే కట్టుబడింది. తీరాలు, ఎడారులు, మంచినీళ్లు, మంచు, అడవులు అని ప్రాంతాల వారీగా ఎపిసోడ్లు.

దీంట్లో జంతువులు ఎప్పుడూ కొట్టుకుంటూ ఉండవు. ఒళ్లు గోక్కుంటాయి, నిద్రపోతాయి, ఈదుతాయి. మొదటి సన్నివేశంలోనే టీ-రెక్స్ తండ్రి పిల్లల్ని వెంటేసుకుని సముద్రంలో ఈదుతూ దీవికి పోతుంది. అడవుల ఎపిసోడ్‌లో కార్నోటారస్ మగది నేలంతా ఊడ్చినట్టు శుభ్రం చేసుకుని, ఆడదాని ముందు నిలబడి, ఎందుకూ పనికిరావనుకున్న ఆ బుల్లి చేతుల్ని గిరగిరా తిప్పుతూ నాట్యం చేస్తుంది. చూస్తే నవ్వాగదు. ఆ చేతుల భుజం కీలు నిజంగానే అన్ని వైపులా తిరిగే రకం, అది ఎముక చెప్పింది. నాట్యం మాత్రం ఇవాళ్టి పక్షుల్ని చూసి ఊహించింది. డ్రెడ్‌నాటస్ అనే పొడవాటి మెడ డైనోసార్లలో మగవాటి మెడ మీద బుడగల్లా ఉబ్బే సంచులు కూడా అంతే: మెడ ఎముకల్లో గాలి గదులుండటం నిజం, బయటికి ఉబ్బడం కల్పన.

ఈ తేడా ప్రధాన ఎపిసోడ్‌లో చెప్పరు. మొదటి సీజన్‌కి ‘అన్‌కవర్డ్’ అనే చిన్న వీడియోలు విడిగా ఉన్నాయి, రెండో సీజన్‌లో ఎపిసోడ్ చివర్లోనే ఆ ముక్క కలిపేశారు. చాలామంది పేర్లు పడగానే ఆపేస్తారు. ఆపకండి. ఆ నాలుగు నిమిషాలు చూడకపోతే సగమే చూసినట్టు.

ఈకల విషయంలో ఇది మిగతావాటికంటే చాలా ముందుంది. జలపాతం పక్కన కొండచరియ మీద వెలాసిరాప్టర్లు వేటాడే దృశ్యం చూడండి. ఈకల చేతుల్ని చాపుకుని తూకం నిలుపుకుంటూ, జారుతూ, మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటూ దిగుతాయి. వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకునే బుడిపెలు ఉన్నాయని 2007లో తేల్చారు. ఆ బుడిపెలకి ఇంత అందమైన రూపం ఇచ్చినవాళ్లు అంతకుముందు లేరు.

లోపాలున్నాయి. కథ అతుక్కోదు, ఒక జంతువుని ఇష్టపడేలోగా అది వెళ్లిపోతుంది. అన్నీ చివరి ఘట్టానివే కాబట్టి స్టెగోసారస్, డిప్లోడోకస్, అల్లోసారస్ ఒక్కటీ ఉండవు. మీ అబ్బాయికి స్టెగోసారస్ ప్రాణమైతే ఐదు ఎపిసోడ్లూ చూసి అలుగుతాడు. 2025లో వచ్చిన మూడో సీజన్ మంచుయుగం మీద. మామత్‌లు, పెద్దపెద్ద కోరల పిల్లులు ఉంటాయి గానీ డైనోసార్ల కోసం అందులోకి వెళ్లొద్దు.

## 2025 నాటి వాకింగ్ విత్ డైనోసార్స్

పాతదానికి కొనసాగింపు అనుకుని చూస్తే నిరాశే. ఇది వేరే పద్ధతి. ప్రతి ఎపిసోడ్‌లో ఒక తవ్వకం, ఆ తవ్వకంలో దొరికిన జంతువుకి ఒక పేరు, ఒక కథ. మోంటానాలో క్లోవర్ అనే అనాథ ట్రైసెరాటాప్స్ పిల్ల, మొరాకోలో సోబెక్ అనే స్పైనోసారస్, కెనడాలో ఆల్బర్టోసారస్ గుంపు, పోర్చుగల్‌లో భారీ లూసోటైటన్. కాసేపు అప్పటి అడవి, కాసేపు ఇప్పటి మట్టిలో బ్రష్‌లతో ఎముకలు దులిపే మనుషులు.

కథలో మునిగేలోపు బయటికి లాగేస్తున్నారని చాలామంది విసుక్కున్నారు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. అయినా హైస్కూలు పిల్లలకి ఇదే సరైనదంటాను. ప్లాస్టర్ కట్టి ఎముకని నేలలోంచి ఎత్తడం ఎంత నెమ్మదిగా, ఎంత ఓపికగా సాగే పనో దీనంతగా చూపించినవి ఈ జాబితాలో లేవు. మీ అమ్మాయి పెద్దయ్యాక శిలాజాల మీద పనిచేస్తానంటుంటే, ఆ పని ఎలా ఉంటుందో ఇందులో కళ్లారా చూస్తుంది.

ఒక్క హెచ్చరిక: తవ్వకం చూపించారు కదా అని కథంతా తవ్వకంలో దొరికిందనుకోవద్దు. సోబెక్‌ని పిల్లల్ని కాచుకునే తండ్రిగా చూపిస్తారు. తోక ఎముకల్లో ఉంది. ఆ తండ్రి ప్రేమ రచయితల దగ్గరుంది.

## మిగిలిన రెండూ

నెట్‌ఫ్లిక్స్‌లోని లైఫ్ ఆన్ అవర్ ప్లానెట్ డైనోసార్ల సిరీస్ కాదు. మొదటి కణం నుంచి మంచుయుగం దాకా ఎనిమిది ఎపిసోడ్లలో చెప్పే జీవపరిణామ కథ. డైనోసార్లు ప్రధానంగా ఐదో ఎపిసోడ్‌లో ఉంటాయి, వాటి అంతం తర్వాతి కథ ఆరోదాంట్లో. ఇవాళ్టి జంతువుల దృశ్యాలు ఎక్కువ. డిగ్రీ చదివే వాళ్లకి, పోటీ పరీక్షలకు సామూహిక విలుప్తాలు చదివేవాళ్లకి పనికొస్తుంది. ‘ఇంకా డైనోసార్ రాలేదేంటి’ అని అడిగే వయసు వాళ్లకి వద్దు.

డైనోసార్స్: ది ఫైనల్ డే పూర్తిగా ఒక్క రోజు గురించి. అమెరికాలో నార్త్ డకోటాలోని టానిస్ అనే చోట, ఉల్క పడ్డ రోజునే పూడిపోయాయంటున్న జీవుల శిలాజాల చుట్టూ తిరుగుతుంది. చేపల మొప్పల్లో ఇరుక్కున్న గాజు గోళీల్లాంటి కణాలు, ఉల్క దెబ్బకి కరిగి ఆకాశం నుంచి రాలినవి, వాటిని దగ్గరగా చూపించే దృశ్యం ఒక్కటి చాలు ఒళ్లు జలదరించడానికి. చేపల సంగతి శాస్త్ర పత్రికల్లో పరిశోధన వ్యాసంగా వచ్చింది. కార్యక్రమంలో చూపించిన డైనోసార్ కాలు వంటి కొన్నిటికి ప్రసారం నాటికి అలాంటి వ్యాసం లేదు. ఉత్సాహంగా చూడండి, అన్నిటినీ ఒకే స్థాయి రుజువుగా మాత్రం తీసుకోవద్దు.

## మీ ఇంటికి ఏది

ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలుంటే ప్రీహిస్టారిక్ ప్లానెట్ మొదటి సీజన్, రోజుకి సగం ఎపిసోడ్ చొప్పున. రక్తం తక్కువ, నవ్వు ఎక్కువ. మొదట్లోనే ఒక టీ-రెక్స్ కూన సముద్రజీవికి బలవుతుంది, అక్కడ పక్కనే కూర్చోండి.

తొమ్మిది నుంచి పన్నెండు మధ్య వయసు వాళ్లకి ప్లానెట్ డైనోసార్. బొమ్మలు బాలేవని మొదట మొహం ముడుస్తారు, రెండో ఎపిసోడ్‌కి మర్చిపోతారు. ఆ తర్వాత 2025 సిరీస్ పెట్టి, స్పైనోసారస్ ఏమేం మారిందో వాళ్లనే చెప్పమనండి.

మీకోసమే చూసుకుంటున్నారా? చిన్నప్పుడు టీవీలో ముక్కలు ముక్కలుగా చూసిన జ్ఞాపకం ఉంటే 1999 దాన్నే వరసగా చూడండి. తప్పులెన్ని ఉన్నా, ఒక జంతువు చచ్చిపోతే ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా కూర్చునేది దాంట్లోనే. అలాంటి గతమేమీ లేకపోతే ప్రీహిస్టారిక్ ప్లానెట్ నుంచి మొదలుపెట్టండి, పాతదాని గ్రాఫిక్స్‌తో సరిపెట్టుకోవాల్సిన అవసరం మీకు లేదు.

టీచర్లకు నా సలహా మాత్రం బిగ్ ఆల్. అరగంట కాబట్టి ఒక పీరియడ్‌లో అయిపోతుంది, చర్చకు పది నిమిషాలు మిగులుతాయి.

## మన డైనోసార్లు ఎక్కడున్నాయి

ఈ సిరీసుల్లో అమెరికా, యూరప్, మంగోలియా, మడగాస్కర్ వచ్చినంతగా మన నేల రాదు. ఉన్నంతలో ప్రీహిస్టారిక్ ప్లానెట్ రెండో సీజన్‌లో ‘బాడ్‌ల్యాండ్స్’ ఎపిసోడ్ వెతుక్కోండి. దక్కన్ అగ్నిపర్వతాల లావా మధ్య వెచ్చటి నేలలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఐసిసారస్‌లనే పొడవాటి మెడ డైనోసార్లు, వాటి పిల్లల కోసం కాచుకున్న రాజసారస్ అందులో ఉన్నాయి. ఐసిసారస్ మహారాష్ట్రలోని డోంగర్‌గావ్‌లో దొరికింది, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పేరు దానికి పెట్టారు. రాజసారస్ గుజరాత్‌లోని రాహియోలీది. ఆ లావా చల్లబడి గట్టిపడ్డ నల్లరాయే వికారాబాద్ చుట్టుపక్కల మనం నడిచే నేల. రాజమండ్రి దగ్గర ఉన్న నల్లరాతి పొరలు కూడా ఆ లావా ప్రవాహాలకు చెందినవేనని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు.

వాటికంటే చాలా ముందు, జురాసిక్ తొలికాలంలో, ప్రాణహిత–గోదావరి లోయలో తిరిగిన పొడవాటి మెడ శాకాహారులు కోటసారస్, బారాపాసారస్‌లకు ఈ ఏడింట్లో ఎక్కడా చోటు దొరకలేదు. బారాపాసారస్ అస్థిపంజరం కోల్‌కతాలో ఉంది. కోటసారస్‌ని చూడాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్లాలి. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన 44 అడుగుల అస్థిపంజరం అది. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు అక్కడ కలిసి దొరికాయి, పుర్రె మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. పైన పెట్టిన తల మనవాళ్లు చుట్టాల పోలికను బట్టి తయారుచేసింది. పిల్లల్ని ఏదో ఒక సిరీస్ చూపించాకే అక్కడికి తీసుకెళ్లండి. దాని ముందు నిలబెట్టి ఇందులో దొరికింది ఏది, చేసింది ఏది అని అడగండి. సమాధానం చెప్పేముందు బోర్డు చదవనివ్వొద్దు.